వద్దన్న డబ్బా

"లేవను," అన్నాడు కత్తెర మావయ్య.

ఆయన కూర్చున్నది కుర్చీ మీద కాదు, ఒక రేకు డబ్బా మీద. పళ్ళెమంత వెడల్పు, నాలుగు వేళ్ళ ఎత్తు ఉన్న ఫిల్ము డబ్బా అది. దాన్ని నడవలో గచ్చు మీద పెట్టుకుని చతికిలబడేసరికి ఆయన మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. డబ్బాకు కట్టిన ఎర్ర తాడు కొస మాత్రం ఆయన కింద నుంచి బయటికి కనిపిస్తోంది.

గేటు బయట వ్యాను వచ్చి ముప్పావుగంట అయింది. అమ్మ ముప్పై ఒక్క ఏళ్ళలో తీసిన ఇరవై రెండు డాక్యుమెంటరీలూ అందులోకి ఎక్కేశాయి. ఇక ఎక్కాల్సింది ఈ ఒక్క డబ్బానే.

"డెబ్బై ఏళ్ళ మనిషివి. పొదుగుడు కోడిలా ఆ కూర్చోవడమేంటి?" అన్నాడు నాన్న.

"కోడి పొదిగితే పిల్లలన్నా వస్తాయి. దీన్ని నీ చేతికిస్తే ఏమొస్తుంది బావా?"

"నా చేతికి కాదు, ఆర్కైవ్ వాళ్ళ చేతికి."

"చెయ్యి ఎవరిదైతేనేం, తాడు విప్పేసే చెయ్యేగా."

కూతురు పిచ్చుక గోడకానుకుని నిలబడి ఇద్దర్నీ చూస్తోంది. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చినా ఇంట్లో ఆమె ఇంకా పిచ్చుకే. కళ్ళద్దాల దుకాణంలో పని. ఇవాళ సెలవు పెట్టింది. అమ్మ పోయిన ఈ మూడు నెలల్లో ఆమె పెట్టిన పదకొండో సెలవు ఇది.

పాత సినిమాలు భద్రం చేసే ఆర్కైవ్ నుంచి వచ్చినావిడ నడవ చివర కాగితాలు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ కళ్ళజోడు మాటిమాటికీ ముక్కు కొసకు జారుతోంది. ఎడమ కమ్మి మర వదులైందని పిచ్చుక ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టినప్పుడే గమనించింది.

"నాకు కావాల్సింది ఒక్క పేరండీ," అందావిడ మెల్లగా. "ఎవరు వద్దన్నారో ఆ పేరు రాసిస్తే మేమూ తెరవం. పేరు లేకపోతే అందరి రీళ్ళతో పాటే ఇదీ తెరుస్తాం, అందరికీ చూపిస్తాం. మా పద్ధతి అది."

"ఆవిడ పద్ధతి వేరు," అన్నాడు మావయ్య, గోడ మీద అమ్మ ఫొటో వైపు గడ్డం ఎత్తి.

అమ్మ పద్ధతి ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఎవరి మీద సినిమా తీసినా ముందు వాళ్ళకే చూపించేది. చూపించాక, "నలుగురికీ చూపించొచ్చా?" అని అడిగేది. వద్దంటే వద్దే. ఆ మనిషి ఉన్న ముక్కంతా తన సినిమాలకు ఎడిటరైన అన్న, కత్తెర మావయ్య చేత కోయించి, వేరే డబ్బాలో పెట్టి, ఎర్ర తాడు కట్టేది. ఆ తాడు విప్పే హక్కు వద్దన్న మనిషికే.

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే ఆడవాళ్ళ మీద తీసిన సినిమాలో అందరికంటే బాగా మాట్లాడినావిడ, తీరా చూశాక వద్దంది. ఆవిడ లేకపోతే సినిమా కుంటిదైపోతుందని డబ్బు పెట్టినవాళ్ళు నెత్తీనోరూ కొట్టుకున్నారు. "కుంటిదైతే ఏం, నడుస్తుందిగా," అంది అమ్మ. నడిచింది కూడా. ఆ సినిమా చూశాకే ఆ ఆస్పత్రిలో ఉతికేవాళ్ళకు చేతి తొడుగులు వచ్చాయి.

ఎర్ర తాడు డబ్బాలు మొత్తం ఏడు. ఆరింటి మీద పేర్లున్నాయి. మావయ్య నెల రోజులు తిరిగి ఆ ఆరుగురి ఇళ్ళకూ వెళ్ళి అడిగొచ్చాడు. ముగ్గురు సరే అన్నారు, ముగ్గురు మళ్ళీ వద్దన్నారు. లెక్క తేలింది.

ఏడోది అమ్మ బీరువాలో, చీరల అడుగున దొరికింది. దాని మీద ఒక్క అక్షరం లేదు.

"పేరు నాకు తెలుసు. చెప్పను. మాటిచ్చాను," అని మావయ్య నిన్నటి నుంచీ అదే పాట.

బయట వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు.

"చూడు, వాడికున్న తొందర నీకు లేదు," అన్నాడు నాన్న. "ఇది ఈ ఇంట్లో ఇంకొక్క వానాకాలం ఉందంటే బూజు పట్టి పోతుంది. ఆవిడ పడ్డ కష్టమంతా..."

"ఆవిడ కష్టం మీద నీకింత ప్రేమ ఎప్పుడు పుట్టింది బావా? మూడు నెలల కిందటా?"



నోటికొచ్చినదానికి మావయ్య తనే నాలిక కరుచుకున్నాడు. నాన్న ఏం చేశాడో ఆయనకు తెలియంది కాదు. బళ్ళో డ్రాయింగు మాస్టారుగా పనిచేస్తూ, పొద్దున్నే కూతురికి జడలు వేసి, సాయంత్రం ఎక్కాలు చెప్పి, నెలల తరబడి ఊళ్ళు తిరిగే భార్యకు ప్రతి ఆదివారం ఉత్తరం రాసిన మనిషి.

పిచ్చుక నోరు విప్పింది. "నాన్నా. వద్దన్నది నువ్వే కదా?"

"నేనా?"

"ఇంకెవరు? అమ్మ ఎవరెవరి ఇళ్ళో తీసింది. మన ఇల్లు ఒక్క అంగుళం తీయలేదు. ఎందుకు తీయలేదని నేను చిన్నప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను. నీకిష్టం లేదని తీయలేదు. లేదా తీశాక నువ్వు వద్దన్నావు."

"నన్ను ఆవిడ అడగనే లేదమ్మా," అన్నాడు నాన్న. "అడిగితే సరే అనేవాణ్ణి. కొత్త చొక్కా కూడా కుట్టించుకునేవాణ్ణి."

అది హాస్యానికన్నట్టే ఉంది కానీ ఎవరూ నవ్వలేదు.

 పిచ్చుక ఇరవై రెండు సినిమాల్లోనూ పిల్లల్ని లెక్కపెట్టుకుంది. అందరి పిల్లలూ ఉన్నారు. లిఫ్టు నడిపే అతని కూతురికి ముందు పన్ను ఊడి, ఆ సందులోంచి నాలుక బయటపెట్టి నవ్వే షాటు ఎంతమందికి ఇష్టమో. పిచ్చుకకు ముందు పన్ను ఊడిన రోజు అమ్మ ఊళ్ళోనే లేదు.

ఆ సినిమాల్లో అమ్మ కూడా ఎక్కడా కనిపించదు. గొంతు ఒక్కటే. కెమెరా వెనక నుంచి ప్రతి మనిషినీ ఒకేలా అడిగేది, "కాస్త చెప్తారా?" అని. అడిగి ఊరుకునేది. అవతలి మనిషి పావుగంట మాట్లాడకపోయినా ఆగేది. సౌండు పట్టేవాళ్ళు చేతులు నొప్పి పుట్టి గొణుక్కునేవాళ్ళు. ఆమె మాత్రం ఆగేది.

అంత ఓపిక ఉన్న మనిషి, ఇంట్లో ఉన్న ఒక్క పిల్లని కాస్త చెప్తావా అని ఎందుకడగలేదు? పిచ్చుకకు ఊహ వచ్చినప్పటి నుంచీ ఉన్న ఆకలి అదే.

"ఇచ్చెయ్," అన్నాడు నాన్న, గచ్చు వైపు చూస్తూ. "తెరవకుండా ఇచ్చెయ్. నా ఇంట్లో వద్దు అది."

ఆ గొంతుకు పిచ్చుక తలెత్తింది. "తెరవకుండా అంటే? నాన్నా, అందులో ఎవరున్నారో నీకు తెలుసా?"

"తెలుసనే అనుకుంటున్నాను."

"ఎవరు?"

నాన్న కిటికీ దగ్గరకు వెళ్ళాడు. రెక్క తీశాడు, మళ్ళీ వేశాడు.

"ఇరవై రెండేళ్ళ కిందట, ఆ పడవల సినిమా తీసేటప్పుడు మీ అమ్మ నాలుగు నెలలు అక్కడే ఉండిపోయింది. ఆ పడవ నడిపే అతని గురించి ఉత్తరాల్లో పేజీలు పేజీలు రాసేది. మంచివాడని, గట్టివాడని. నదిని చూసి రేపటి గాలి చెప్తాడని. వచ్చాక కొన్నాళ్ళకు ఈ డబ్బా తెచ్చి బీరువాలో పెట్టింది. పేరు రాయలేదు. మిగతావి వెనక గదిలో ఉంటే ఇదొక్కటే చీరల కింద. నేనేమనుకోవాలి?"

"అడగాల్సింది," అంది పిచ్చుక.

"అడిగితే నిజం చెప్పే మనిషమ్మా మీ అమ్మ. అందుకే అడగలేదు."

 ఆర్కైవ్ ఆవిడ చేతిలో కాగితాలను సర్దుకుంటున్నట్టు నటించింది.

కత్తెర మావయ్య గోడ పట్టుకుని, మోకాళ్ళు కటకటమనగా లేచాడు. వ్యాను హారన్‌కు లేవని మనిషి ఆ మాటకు లేచాడు.

"ఓరి పిచ్చి బావా. ఇరవై రెండేళ్ళు దీన్ని నెత్తిన మోశావా? నన్నొక్క మాట అడగలేకపోయావా?"

"అడిగితే చెప్పేవాడివా?"

మావయ్య ఆలోచించాడు. "చెప్పేవాణ్ణి కాదులే," అని ఒప్పుకున్నాడు. తర్వాత డబ్బా తీసి పొట్టకానించుకుని పిచ్చుక ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నేను మీ అమ్మకిచ్చిన మాట ఏంటంటే, వద్దన్న మనిషి వచ్చి తనంతట తాను అడిగితే తప్ప ఎవరితోనూ అనకూడదని. మాట నా నాలిక మీద ఉంది. అడుగు."

"నన్నడగమంటావేంటి మావయ్యా? వద్దన్నవాళ్ళనే కదా..."

ఆమె ఆగిపోయింది.

మావయ్య కళ్ళు దించుకోలేదు.

"నేనా?" అంది పిచ్చుక.

"అదిగో, అడిగావు. ఇక నా నోరు నాదే." ఆయన ఊపిరి వదిలాడు. "రెండో తరగతి అయిపోయిన సెలవులు. నా ఎడిటింగ్ గదికి తీసుకొచ్చింది నిన్ను. ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టాం. గుర్తుందా?"

స్టూలు గుర్తుంది. కాళ్ళు నేలకు అందకపోవడం గుర్తుంది. చేతిలో బిస్కట్టు, పలకంత చిన్న తెర, ఆ తెర వెలుగు పడి నీలంగా మెరిసిన అమ్మ చెంప. ఆ తెర మీద ఏముందో మాత్రం గుర్తులేదు.

"నువ్వే ఉన్నావు. ఏడాది పాటు ఇంటికొచ్చినప్పుడల్లా మీ అమ్మ నిన్నే తీసింది. నువ్వు పడుకున్నది, అలిగింది, మంచం కింద దూరింది. మీ నాన్న బడికి వెళ్ళాక తీసేది. పూర్తయ్యాక బావకు చూపించి ఆశ్చర్యపెడదామని. నీ పన్ను ఊడిన మర్నాడు రైలు దిగి పెట్టె కూడా దించకుండా ఆ సందు తీసింది. లిఫ్టువాడి కూతురిది ఏం పన్ను? నీ పన్ను ముందు అది దిగదుడుపు."

నాన్న కిటికీ దగ్గర నుంచి కదల్లేదు.

"అంతా చూశావు. కిక్కురుమనలేదు. అయ్యాక మీ అమ్మ కింద కూర్చుని అందరినీ అడిగినట్టే అడిగింది. నలుగురికీ చూపించొచ్చా అని."

"నేనేమన్నాను?"

"'వద్దు' అన్నావు. 'నన్ను కెమెరాతో చూడకు. ఊరికే చూడు' అన్నావు."

మావయ్య డబ్బాను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"నేను నవ్వాను. చిన్నపిల్ల మాటమ్మా, సాయంత్రానికి మర్చిపోతుంది అన్నాను. 'పెద్దవాళ్ళ వద్దు ఒకటి, చిన్నవాళ్ళ వద్దు ఒకటీనా అన్నయ్యా?' అని తాడు అడిగి తీసుకుంది. పేరు రాద్దామంటే రాయనివ్వలేదు. పెద్దయ్యాక అది చదువుకుని బాధపడుతుంది అంది."

 పిచ్చుక ఆర్కైవ్ ఆవిడ దగ్గరకు వెళ్ళింది.

"మీ కళ్ళజోడు ఒకసారి ఇవ్వండి."

ఆవిడ బిత్తరపోయి తీసిచ్చింది. పిచ్చుక సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి, కిటికీ వెలుగులో నిలబడి ఎడమ కమ్మి బిగించడం మొదలుపెట్టింది. చేతులకు ఏదో ఒక పని కావాలి. బిగించి, తుడిచి, మళ్ళీ తుడిచింది.

ఆ సెలవుల తర్వాత అమ్మ ఇంట్లో కెమెరా పెట్టె తెరవలేదు. ఊళ్ళ నుంచి వచ్చి ఎదురుగా కూర్చునేది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని దానిలా ఒళ్ళో పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని, కూతుర్నే చూస్తూ ఉండేది. "ఏంటమ్మా అలా గుడ్లప్పగించి చూస్తావు," అని పిచ్చుక ఎన్నిసార్లు విసుక్కుందో. పుస్తకం అడ్డం పెట్టుకునేది. తలుపు వేసుకునేది.

ఊరికే చూడమన్నది తనే. అమ్మ ఊరికే చూసింది.

"ఇక జారదు," అంటూ కళ్ళజోడు ఇచ్చింది. తర్వాత మావయ్య చేతిలోంచి డబ్బా తీసుకుని గచ్చు మీద కూర్చుని తాడు ముడి మీద గోరు పెట్టింది. ముడి రాలేదు. మావయ్య జేబులోంచి కత్తెర తీశాడు.

"కొయ్యొద్దు," అంది. పళ్ళతో లాగింది. వచ్చింది.

మూత తీయగానే, ఫిల్ము పాడైతే వచ్చే వెనిగర్ వాసన గుప్పుమంది. రెండు రీళ్ళున్నాయి. ఒకటి బొమ్మది, ఒకటి శబ్దానిది. మూత అంచు సందులోకి తాడు విప్పకుండానే దూర్చిన మడత కాగితం, షాట్లు రాసుకునే పాత చీటీ. అమ్మ చేతిరాత.

*పది నిండాయి. అడుగుదామనుకున్నాను. దానికి జ్వరం.*

*పద్నాలుగు. తలుపేసుకుంది. అడగలేదు.*

*పదిహేడు. నేనే ఊళ్ళో లేను.*

*ఇరవై ఒకటి. నవ్వుతూ ఉంది. ఎందుకు చెడగొట్టడం.*

ప్రతి పుట్టినరోజుకూ ఒక వరస ఉంది. అన్నిటి కింద ఆఖరిది, వంకర్లు తిరిగిన అక్షరాలతో:

*ఇరవై తొమ్మిది. ఈసారి అడుగుతాను.*

ఆ పుట్టినరోజు పోయిన నెలే అయింది. అమ్మ ముందుగానే రాసి పెట్టుకుంది.

పిచ్చుక చీటీ నాన్నకిచ్చింది. ఆయన చదివాడు. ఇంకోసారి చదివాడు. కళ్ళజోడు తీసేసి, అక్షరాలు కనిపించవని తెలిసీ మళ్ళీ చదివాడు.

ఆర్కైవ్ ఆవిడ వంగి రీలును చూసి పెదవి విరిచింది. "బాగా ముడుచుకుపోయిందండీ. ఇది ఏ మిషన్ మీదైనా ఒక్కసారే తిరుగుతుంది, అదీ అదృష్టముంటే. ఆ ఒక్కసారి మా ల్యాబులో తిరిగితే కాపీ తీయగలం. ఇక్కడ తిప్పితే తెగుతుంది." ఫారం ముందుకు చాపింది. "చూపించొచ్చు అనో, వద్దు అనో ఇక్కడ రాయండి. వద్దంటే సీలు వేసి పెడతాం. మేమే కాదు, మీరూ చూడలేరు."

పిచ్చుక కలం తీసుకుంది. రాయలేదు. నాన్న వైపు చూసింది.

నాన్న వచ్చి ఆమె ఎదురుగా గచ్చు మీద కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"అమ్మడూ. మీ అమ్మ బదులు నేనడగనా?"

"అడుగు."

"నలుగురికీ చూపించొచ్చా?"

పిచ్చుక కలం కింద పెట్టింది. "అమ్మ ముందు చూపించేది నాన్నా. చూపించాకే అడిగేది."

 మావయ్యే ముందు నడిచాడు. వెనక గదిలో, మావయ్య పనిచేసిన ల్యాబు మూసేసిన ఏడాది అమ్మ కొనుక్కున్న ఆ పాత ఎడిటింగ్ టేబుల్ మీద దుప్పటి లాగేశాడు. దుమ్ము లేచింది. స్విచ్చి వేస్తే తెర వెలిగింది.

"తెగుతుందండీ," అంది ఆర్కైవ్ ఆవిడ, గుమ్మంలోంచి. "తెగితే నా పూచీ లేదు."

"తెగితే అతుకుతాను," అన్నాడు మావయ్య. "నలభై ఏళ్ళు నేను చేసింది అదేగా."

"ఏ ముక్క పొడైపోయినా మళ్ళీ రాదు."

"తెలుసు," అంది పిచ్చుక. స్టూలు ఎక్కి కూర్చుంది. ఈసారి కాళ్ళు నేలకు అందాయి. నాన్న వెనక నిలబడి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగా లేదు. భయంభయంగా ఉంది.

బొమ్మ రీలు ఒక పళ్ళెం మీద, శబ్దం రీలు పక్క పళ్ళెం మీద పెట్టి మావయ్య మెల్లగా తిప్పాడు.

తెర మీద ఈ ఇంటి గుమ్మం. గుమ్మంలో రెండు చిన్న పాదాలు, ఒకదాని మీద ఒకటి. కెమెరా మెల్లగా పైకి లేచింది. నలిగిన గౌను. మోచేతి మీద ఎండిన దెబ్బ. గడ్డం. ముందు పన్ను లేని సందు.

నాన్న చెయ్యి భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

అప్పుడు వచ్చింది గొంతు. ముసలిది కాదు, జబ్బుది కాదు, ఊపిరాడనిది కాదు. కెమెరా వెనక నుంచి, ఇప్పుడే పక్కకొచ్చి కూర్చున్నట్టు.

"మా పిచ్చుకకు అమ్మ ఇంటికొస్తే ఏం కావాలట? కాస్త చెప్తావా?"

పాప తలెత్తింది. నోరు తెరవబోయింది.

చిట్ మంది.

తెర తెల్లబడింది. తెగిన ఫిల్ము కొస పళ్ళెం మీద టపటప కొట్టుకుంటోంది. మావయ్య స్విచ్చి మీదికి చెయ్యి చాపాడు.

"ఆపొద్దు మావయ్యా," అంది పిచ్చుక.

బొమ్మ పోయింది కానీ శబ్దం రీలు ఇంకా తిరుగుతూనే ఉంది. అందులో అమ్మ మాట్లాడటం లేదు. ఆగింది. ఎప్పటిలాగే, ఎంతసేపైనా ఆగేలా ఆగింది.

ముగ్గురూ ఆ తెల్లటి వెలుగు ముందు కదలకుండా ఉండిపోయారు. బయట హారన్ మోగి ఆగింది.

రీలులో ఎక్కడో, ఏడేళ్ళ పాప జవాబు చెప్పడానికి ఊపిరి తీసుకుంది.